లైటు ఆపినా దిగని కరెంటు: ఆక్సైడ్ యూవీ సెన్సర్లతో వచ్చే అసలు తలనొప్పి

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో మొదటిసారి జింక్ ఆక్సైడ్ ఫిల్మ్ (పలచటి పొర) మీద యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ కొట్టిన రోజు ఎంత సంబరపడ్డామో చెప్పలేను. టార్చ్ అంటే పెద్దదేం కాదు, షాపుల్లో ఐదొందల నోటు అసలుదా నకిలీదా అని చూస్తారు కదా, ఆ ఊదారంగు లైటే. కాకపోతే 365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నది వెతికి మరీ కొన్నాం, మామూలుగా దొరికే 395ది దీనికి పనికిరాదు, ఎందుకో తర్వాత చెప్తా. చిన్న గాజు ముక్క మీద ఫిల్మ్, దాని మీద రెండు సిల్వర్ పేస్ట్ చుక్కలు, వాటి మధ్య 5 వోల్టులు, అంతా కలిపి పైన నల్లగుడ్డ. చీకట్లో మీటర్ 40 నానో ఆంపియర్లు చూపిస్తోంది. టార్చ్ వేశాం, అంకెలు పరిగెత్తడం మొదలెట్టాయి, రెండు నిమిషాల్లో 9 మైక్రో ఆంపియర్లు, అంటే 200 రెట్ల పైనే.

టార్చ్ ఆపేశాం. ఇప్పుడు కరెంటు కిందికి పడాలి కదా, పడలేదు. కొంచెం దిగి అక్కడే నత్తనడక. వైర్లు చూశాం, గుడ్డలోంచి వెలుతురు వస్తోందేమో చూశాం, ఏం లేదు, సర్లే అని కిందికెళ్ళి టీ తాగి వచ్చాం, 20 నిమిషాల తర్వాత కూడా 3 మైక్రో దగ్గరే ఉంది. మా సీనియర్ అటుగా వచ్చి స్క్రీన్ చూసి, "రేపు పొద్దున రండ్రా, అప్పటికి దిగుతుంది" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఈ సబ్జెక్టులో పేపర్లు తిరగేస్తే "రెస్పాన్సివిటీ ఇన్ని రెట్లు పెంచాం" అన్న మాటే ఎక్కువ కనిపిస్తుంది, రెస్పాన్సివిటీ అంటే పడిన వెలుగుకి ఎంత కరెంటు వస్తుందన్న లెక్క. నిజానికి యూవీని పట్టుకోవడం ఈ మెటల్ ఆక్సైడ్లకి వెన్నతో పెట్టిన విద్య. వాటికి రానిదల్లా మర్చిపోవడం. ఈ రెండూ వేరు వేరు విషయాలు కాదు, ఒకటే అని అర్థమవడానికి నాకు ఏడాది పట్టింది, అందుకే ఇది రాస్తున్నా.

ముందు యూవీ సంగతి. 400 నుంచి 315 నానోమీటర్ల దాకా యూవీ-ఏ, 315 నుంచి 280 దాకా యూవీ-బీ, 280 కింద 100 దాకా యూవీ-సీ. ఎండలో మన మీద పడేది చాలావరకు ఏ, కొద్దిగా బీ. సీని ఓజోన్ పొర, పైన ఉన్న ఆక్సిజన్ కలిసి మొత్తం మింగేస్తాయి, కింద నేల మీదికి రానే రాదు. ఇది చాలా పనికొచ్చే విషయం, ఎందుకంటే 280 కింద మాత్రమే చూడగలిగే సెన్సర్ ఉంటే మిట్టమధ్యాహ్నం రోహిణి ఎండలో కూడా దానికి చుట్టూ అంతా చీకటే. ఆ చీకట్లో ఏదైనా మెరిసిందంటే అది చాలావరకు మంట అయినా అవ్వాలి, కరెంటు లైన్ల మీద కరోనా డిశ్చార్జ్ (చుట్టూ గాలిలోకి కరెంటు లీకై వచ్చే మెరుపు) అయినా అవ్వాలి. హై టెన్షన్ ఇన్సులేటర్లు ఎక్కడ పాడయ్యాయో పట్టపగలే కనిపెట్టే కెమెరాలు ఈ కిటుకు మీదే నడుస్తాయి. దీన్నే సోలార్ బ్లైండ్ అంటారు.

మరి చవగ్గా దొరికే సిలికాన్ ఉండగా ఇదంతా ఎందుకు అంటారా. బ్యాండ్ గ్యాప్ అంటే లోపల ఇరుక్కున్న ఎలక్ట్రాన్‌ని విడిపించడానికి వెలుగు ఇవ్వాల్సిన కనీస శక్తి, సిలికాన్‌కి అది 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు. 1240ని గ్యాప్‌తో భాగిస్తే అది ఎన్ని నానోమీటర్ల దాకా చూడగలదో వస్తుంది, సిలికాన్‌కి దాదాపు 1100. అంటే కనిపించే కాంతి మొత్తం, కొంత ఇన్‌ఫ్రారెడ్ కూడా అది చూసేస్తుంది, యూవీ అందులో ఎక్కడో ఒక మూల. పెళ్ళిలో బ్యాండు మేళం మధ్య నిలబడి పక్కవాడి గుసగుస వినడం లాంటిది. పైగా యూవీ సిలికాన్‌లో పైపైన కొన్ని నానోమీటర్ల లోతులోనే ఆగిపోతుంది, అక్కడ పుట్టిన ఛార్జ్, దాన్ని కరెంటుగా లాగే జంక్షన్ దాకా చేరకముందే ఉపరితలం మీద చచ్చిపోతుంది. అయినా సిలికాన్‌తో చేయొచ్చు, చేస్తున్నారు కూడా. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య-ఎల్1లో పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకా వాళ్ళ సూట్ టెలిస్కోప్ సూర్యుణ్ణి 200 నుంచి 400 నానోమీటర్ల మధ్య ఫోటోలు తీస్తోంది, అందులో ఉన్నది సిలికాన్ సీసీడీనే (కెమెరా చిప్), ముందర 11 సైన్స్ ఫిల్టర్లు. ఇస్రోకి అలా కుదురుతుంది. ఇంట్లో వాటర్ ప్యూరిఫైయర్‌కి కుదరదు.

ప్యూరిఫైయర్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా. అందులో యూవీ ట్యూబ్ పాదరసం ట్యూబ్, క్రిములని చంపేది 254 నానోమీటర్ల దగ్గర వచ్చే కిరణం, అది మన కంటికి కనిపించదు. మనకి కనిపించే ఆ నీలం వెలుగు పాదరసం అదనంగా ఇచ్చే మామూలు కాంతి. ట్యూబ్ పాతబడి లోపల యూవీ పడిపోయినా నీలం వెలుగు అలాగే ఉంటుంది, మనం "వెలుగుతోందిగా" అనుకుంటాం. ఫిల్టర్ లేని సిలికాన్ సెన్సర్ పెట్టినా అదీ మనలాగే మోసపోతుంది. నీలం అసలు కనపడనిది, 254 మాత్రమే కనపడేది ఒకటి కావాలి, అదీ ఫిల్టర్ లేకుండా, పది పరకలో.

ఇక్కడే ఆక్సైడ్లు వస్తాయి. జింక్ ఆక్సైడ్ గ్యాప్ 3.37, భాగిస్తే 368 నానోమీటర్లు. 365 టార్చ్ పనిచేసి 395 టార్చ్ పనిచేయకపోవడానికి కారణం ఇదే, 395 ఫోటాన్‌లో (వెలుగు రేణువులో) ఉన్నది 3.14 మాత్రమే, గోడ ఎక్కలేదు. టైటానియం డయాక్సైడ్‌కి రకాన్ని బట్టి 3.0 లేదా 3.2, టిన్ ఆక్సైడ్‌కి 3.6, గాలియం ఆక్సైడ్‌కి 4.8 - 4.9. ఇవేం కొత్త వస్తువులు కాదు. క్రికెటర్లు ముక్కు మీద, బుగ్గల మీద రాసుకునే తెల్ల క్రీమ్ జింక్ ఆక్సైడే, దురదకి రాసే కాలమైన్ లోషన్‌లో ఉన్నదీ అదే. చర్మం మీద యూవీని మింగేసి ఊరుకుంటే సన్‌స్క్రీన్, రెండు వైర్లు కలిపి ఆ మింగింది ఎంతో లెక్కపెడితే డిటెక్టర్. చేయడం కూడా తేలిక, జింక్ అసిటేట్‌ని సాల్వెంట్‌లో కరిగించి గాజు మీద చుక్క వేసి స్పిన్ కోటర్ తిప్పి ఫర్నేస్‌లో కాలిస్తే ఫిల్మ్ రెడీ. అంతకన్నా సులువు కావాలంటే జింక్ నైట్రేట్, హెక్సమైన్ కలిపిన నీళ్ళలో 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే నానోరాడ్లు వరి మొలకల్లా నిలువుగా లేస్తాయి. అందుకే దేశంలో ప్రతి రెండో ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు దీని మీద పని చేస్తుంటారని నా లెక్క.

ఇప్పుడు అసలు కథ. ఫిల్మ్ చీకట్లో ఉన్నప్పుడు గాలిలో ఆక్సిజన్ వచ్చి దాని మీద వాలుతుంది, ఊరికే వాలదు, లోపల నుంచి ఒక ఎలక్ట్రాన్ లాక్కుని మరీ కూర్చుంటుంది. అలా పైపొరలో ఎలక్ట్రాన్లు ఖాళీ అయిపోయి కరెంటు తగ్గుతుంది. యూవీ పడగానే ఎలక్ట్రాన్, హోల్ జంటగా పుడతాయి, హోల్ అంటే ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ, పాజిటివ్ ఛార్జ్‌లా నడుచుకుంటుంది. ఉపరితలం మీద కూర్చున్న నెగెటివ్ ఛార్జ్ హోల్‌ని అటు లాగుతుంది, హోల్ వెళ్ళి ఆ ఆక్సిజన్ దగ్గరున్న ఎలక్ట్రాన్‌తో కలిసిపోతుంది, ఆక్సిజన్ ఎగిరిపోతుంది. లోపల మిగిలిన ఎలక్ట్రాన్‌కి జోడీ లేదు. లైటు ఆపినా అది కలవడానికి హోల్ లేదు కాబట్టి తిరుగుతూనే ఉంటుంది, పెళ్ళి అయిపోయి పందిరి తీసేసినా ఇంటికి వెళ్ళని చుట్టంలాగా. గాలిలోంచి ఆక్సిజన్ మళ్ళీ వచ్చి వాలి ఎలక్ట్రాన్లని ఒక్కొక్కటిగా తీసుకుంటే తప్ప కరెంటు దిగదు. అది కూడా వాలేకొద్దీ నెమ్మదిస్తుంది, ఎందుకంటే ముందు వాలినవాటి నెగెటివ్ ఛార్జ్ తర్వాత రావాల్సిన ఎలక్ట్రాన్లకి అడ్డుగోడ కడుతుంది. అందుకే మొదట చకచకా పడి తర్వాత గంటలు గంటలు సాగుతుంది. దీనికి పర్సిస్టెంట్ ఫోటోకండక్టివిటీ అని పేరు. జింక్ ఆక్సైడ్ ఫోటోకండక్షన్ అంటే ఆక్సిజన్ అతుక్కునే ప్రక్రియేనని 1957లోనే మెల్నిక్ అనే ఆయన పేపర్ రాశాడు, అంటే మేం టీ తాగి వచ్చి బుర్ర గోక్కున్న విషయం మా తాతల కాలంనాటిదన్నమాట.

సొంతంగా చూసుకోవాలంటే శాంపిల్‌ని వాక్యూమ్‌లో పెట్టండి. లైటు ఆపాక కరెంటు గాలిలోకంటే ఇంకా మొండిగా నిలబడుతుంది, కాస్త గాలి వదలగానే దిగడం మొదలెడుతుంది. దీన్ని బట్టి ఉపరితలానిదే తప్పు అని చాలామంది అంటారు. లోపల ఆక్సిజన్ లేని ఖాళీలు, అదే ఆక్సిజన్ వేకెన్సీలు, యూవీ తగిలి ఛార్జ్ మారి అలా ఉండిపోవడమే కారణమని ఇంకొందరు. నా ఉద్దేశంలో రెండూ ఉన్నాయి, ఏది ఎక్కువన్నది ఫిల్మ్ ఎలా చేశామన్నదాన్ని బట్టి ఉంటుంది.

సరే, ఆ వెళ్ళని ఎలక్ట్రాన్ ఊరికే ఉండదు, అసలు మెలిక అక్కడే. వోల్టేజ్ ఉంది కాబట్టి అది ఒక ఎలక్ట్రోడ్ దాకా వెళ్ళి బయటికి పోతుంది, పోగానే రెండో ఎలక్ట్రోడ్ నుంచి ఇంకోటి లోపలికి వస్తుంది, లోపల ఛార్జ్ సరిపోవాలి కదా. అలా గానుగెద్దు లాగా సర్క్యూట్ చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఒక్క ఫోటాన్ పడింది, కానీ మీటర్‌కి వేలసార్లు ఎలక్ట్రాన్ కనిపించింది, దాన్నే గెయిన్ అంటారు. లెక్క చాలా సింపుల్, ఎలక్ట్రాన్ ఎంతసేపు బతికి ఉంటుందో దాన్ని అవతలి ఒడ్డుకి చేరడానికి పట్టే టైంతో భాగించడమే. 2007లో శాన్ డియాగోలో కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు ఒక్క జింక్ ఆక్సైడ్ నానోవైర్‌లో పది కోట్ల దాకా గెయిన్ చూపించారు. ఇప్పుడు తిరగేసి చూడండి, గెయిన్ ఎక్కువుంది అంటే ఎలక్ట్రాన్ ఎక్కువసేపు బతికింది అని, ఎక్కువసేపు బతికింది అంటే లైటు ఆపాక కరెంటు దిగదు అని. బొమ్మా బొరుసూ. "సెన్సిటివిటీ వెయ్యి రెట్లు పెంచాం" అంటే చాలాసార్లు "వెయ్యి రెట్లు మందకొడిగా చేశాం" అని కూడా అర్థం, ఆ రెండో సగం సప్లిమెంటరీ ఫైల్లో ఎక్కడో ఉంటుంది.

బాగు చేయడానికి ఏం చేస్తారు అంటే, మొదటిది డార్క్ కరెంట్, అంటే చీకట్లో పారే కరెంటు, తగ్గించడం. ఆక్సిజన్‌లో అనీల్ చేస్తే, అంటే వేడిచేసి ఉంచితే, వేకెన్సీలు పూడతాయి, చీకట్లో ఊరికే తిరిగే ఎలక్ట్రాన్లు తగ్గుతాయి. ఇది పాతదే, చవకైనదే, నాకైతే ఇప్పటికీ అన్నిటికన్నా నమ్మకమైనది, కాకపోతే ప్లాస్టిక్ మీద చేసిన ఫిల్మ్‌ని 500 డిగ్రీల్లో పెట్టలేం. కాపర్ లాంటిది కొద్దిగా కలిపితే (దీన్నే డోపింగ్ అంటారు) అదనపు ఎలక్ట్రాన్లని పట్టుకుంటుంది. అల్యూమినియం కలిపితే దీనికి రివర్స్, కరెంటు ఇంకా పెరుగుతుంది, అది టచ్ స్క్రీన్, సోలార్ సెల్ లాంటి చోట్ల ట్రాన్స్‌పరెంట్ ఎలక్ట్రోడ్‌కి మంచిది గానీ డిటెక్టర్‌కి కాదు, మా బ్యాచ్‌లో ఒకడు డోపింగ్ అంటే డోపింగే కదా అని అది వేసి నెల రోజులు పోగొట్టుకున్నాడు.

రెండోది ఉపరితలం మీద దుప్పటి కప్పడం. కొన్ని నానోమీటర్ల అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర వేస్తే ఆక్సిజన్, తేమ వచ్చీపోయే దారి మూసుకుపోతుంది. రాకపోకలు ఆగాయి కాబట్టి రీడింగ్ నిలకడగా ఉంటుంది, దాంతో పాటు గెయిన్ కూడా పడిపోతుంది, పడకపోతే ఆశ్చర్యపోవాలి. నానోరాడ్ల వాళ్ళు దీనికి సరిగ్గా ఎదురు దిక్కు వెళ్తారు, ఉపరితలం పెంచుకుంటూ పోతారు, గెయిన్ ఆకాశానికి, వేగం పాతాళానికి. వెండి, బంగారం నానో చుక్కలు చల్లి ప్లాస్మాన్ల (వెలుగు పడి లోహంలో ఎలక్ట్రాన్లు కలిసి ఊగడం) వల్ల పెరిగింది అనే పేపర్లు కూడా చాలా ఉన్నాయి. వెండి ప్లాస్మాన్ ఉండేది దాదాపు 400 దగ్గర, బంగారానిది ఇంకా పైన ఆకుపచ్చలో. యూవీలో నిజంగా మెరిసేది అల్యూమినియం. అందుకని చాలాచోట్ల ఆ చుక్కలు చేసే అసలు పని కింద ఉన్న ఎలక్ట్రాన్లని లాక్కుని డార్క్ కరెంట్ తగ్గించడమేనని నా అనుమానం, లాభం నిజమే, పెట్టిన పేరే తేడా.

మూడోది, నాకు అన్నిటికన్నా నచ్చేది, ఆట నియమాలే మార్చేయడం. మా సిల్వర్ పేస్ట్ చుక్కల్లాగా రెండువైపులా తలుపులు తెరిచి పెడితేనే కదా ఎలక్ట్రాన్ గానుగ తిరిగేది. ఒకవైపు ప్లాటినం లాంటి లోహంతో షాట్కీ కాంటాక్ట్ (ఒకవైపే దారిచ్చే అతుకు) పెట్టినా, లేదా పీ-టైప్ (ఎలక్ట్రాన్లకి బదులు హోల్స్ కరెంటు మోసే రకం) అయిన నికెల్ ఆక్సైడ్‌ని జింక్ ఆక్సైడ్‌తో జతచేసి జంక్షన్ చేసినా లోపలే ఒక ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఏర్పడుతుంది. అది ఎలక్ట్రాన్‌ని ఒకవైపు, హోల్‌ని ఇంకోవైపు తోసేస్తుంది, హోల్ ఉపరితలానికి వెళ్ళి ఆక్సిజన్‌తో ముచ్చట్లు పెట్టుకునే టైం ఉండదు. బ్యాటరీ కూడా అక్కర్లేదు, దానంతటదే పనిచేస్తుంది, వేగం మైక్రోసెకన్లలోకి కూడా వస్తుంది. ధర ఏంటంటే గెయిన్ 1కి మించదు. నికెల్ ఆక్సైడే ఎందుకంటే జింక్ ఆక్సైడ్‌ని నమ్మకంగా పీ-టైప్ చేయడం ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా కుదరలేదు, ఇవాళ చేస్తే కొన్ని వారాల తర్వాత మళ్ళీ ఎన్ (ఎలక్ట్రాన్లు మోసే రకం) వైపు జారిపోతుంది. పీ-సిలికాన్ మీద జింక్ ఆక్సైడ్ వేసి యూవీ డిటెక్టర్ అనేవాళ్ళు కూడా ఉన్నారు, కింద సిలికాన్ మామూలు వెలుతురంతా చూస్తూనే ఉంటుంది, మరి దేనికి అంత శ్రమ!

గెయిన్ వదులుకోకుండా మరపు తెప్పించే దారి కూడా ఒకటుంది. డిస్‌ప్లేల్లో వాడే ఇండియం గాలియం జింక్ ఆక్సైడ్ తరహా ఫిల్మ్‌తో 2012లో శామ్‌సంగ్, కేంబ్రిడ్జ్ వాళ్ళు ఫోటో ట్రాన్సిస్టర్ చేసి, చదవడం అయిపోగానే మూడో కాలు, అంటే గేట్, మీద చిన్న పాజిటివ్ పల్స్ ఇచ్చారు. ఎలక్ట్రాన్లన్నీ గుంపుగా వచ్చి ఛార్జ్ అయిన వేకెన్సీలని పూడ్చేస్తాయి, పలక తుడిచినట్టు జ్ఞాపకం పోతుంది. వాళ్ళు పెట్టుకున్నది మామూలు కాంతి కోసం గానీ కిటుకు యూవీకి కూడా పనికొస్తుంది.

సోలార్ బ్లైండ్ కావాలంటే జింక్ ఆక్సైడ్ చాలదు. మెగ్నీషియం కలుపుతూ పోతే గ్యాప్ పెరుగుతుంది నిజమే, కానీ మూడో వంతు దగ్గరకి వచ్చేసరికి జింక్ ఆక్సైడ్, మెగ్నీషియం ఆక్సైడ్ల క్రిస్టల్ రూపాలకి పొసగక మామూలుగా విడిపోతాయి, అప్పటికింకా 310 నానోమీటర్ల చుట్టుపక్కలే ఉంటాం. అందుకే ఇప్పుడు అందరి చూపూ గాలియం ఆక్సైడ్ మీద, ఏమీ కలపకుండానే దాదాపు 255 దగ్గర ఆగుతుంది. కరిగించి క్రిస్టల్ లాగొచ్చు, మామూలు ఉష్ణోగ్రత దగ్గర స్పటర్ చేసి (అయాన్లతో కొట్టి పదార్థం రాలి పొరగా పడేలా చేసి) అమార్ఫస్ (క్రిస్టల్ క్రమం లేని) ఫిల్మ్ కూడా వేసుకోవచ్చు, స్పటర్ చేసేటప్పుడు కొంచెం ఆక్సిజన్ వదిలితే వేకెన్సీలు తగ్గి వేగం పెరుగుతుంది. జబ్బు మాత్రం అదే జబ్బు, ఇంకా ముదిరింది కూడా. హోల్ ఎక్కడ పుడితే అక్కడే గుంట తవ్వుకుని కూర్చుంటుంది, కదలదు, కాబట్టి పీ-టైప్ ఆశ కూడా పెద్దగా లేదు. పైగా గాలియం సరఫరా దాదాపు అంతా చైనా చేతిలో ఉంది, 2023 ఆగస్టు నుంచి ఎగుమతికి లైసెన్సులు పెట్టారు. ఫిల్మ్‌కి పట్టేది చిటికెడే అయినా ల్యాబ్ బడ్జెట్‌లో ఆ చిటికెడు బాగానే కనిపిస్తుంది.

పేపర్లో అంకెలు ఎలా చదవాలో కూడా చెప్పేస్తా. గెయిన్ లేకుండా పడిన ప్రతి ఫోటాన్‌కీ ఒక ఎలక్ట్రాన్ వస్తే 365 దగ్గర రెస్పాన్సివిటీ వాట్‌కి 0.29 ఆంపియర్లు, 254 దగ్గర 0.2. ఎవరైనా వాట్‌కి 1000 ఆంపియర్లు అని రాస్తే లోపల గెయిన్ 3400 దాకా ఉన్నట్టు, వెంటనే ఫాల్ టైం (లైటు ఆపాక కరెంటు దిగే టైం) ఎంతో వెతకండి. లైటు ఎంత మసకగా పెట్టి కొలిచారో కూడా చూడండి, వెలుగు తక్కువగా ఉన్నప్పుడు ట్రాప్‌లు (ఛార్జ్ ఇరుక్కునే చోట్లు) నిండవు కాబట్టి అంకె పెద్దగా వస్తుంది, అబ్‌స్ట్రాక్ట్‌లో వేసేది ఆ పెద్దదే. ఇక జోన్స్ యూనిట్లలో వేసే డిటెక్టివిటీ (ఎంత మసక వెలుగుని పట్టగలదన్న కొలత) అయితే చాలామంది నాయిస్ కొలవకుండా డార్క్ కరెంట్ నుంచి షాట్ నాయిస్ (ఛార్జ్ ఒక్కొక్కటిగా రావడం వల్ల వచ్చే రొద) లెక్కకట్టి ఫార్ములాలో పెట్టేస్తారు, ట్రాప్‌లు నిండిన ఇలాంటి ఫిల్మ్‌లో తక్కువ ఫ్రీక్వెన్సీ నాయిస్ దానికన్నా ఎన్నో రెట్లు ఉండొచ్చు. నేనూ అలాగే లెక్కకట్టా, అందరూ అదే చేస్తున్నారు కదా అని.

మంటని పట్టేదానికి మిల్లీసెకన్లు ముఖ్యం, ఫాల్స్ అలారం అసలు రాకూడదు, అక్కడ జంక్షన్ రకమే దిక్కు. చేతికి పెట్టుకుని ఎండలో యూవీ ఇండెక్స్ చూసేదానికి ఒక సెకను ఆలస్యమైనా కొంపలు మునగవు, కానీ ఎండలోంచి నీడలోకి వచ్చాక 20 నిమిషాలు ఇంకా 11 చూపిస్తే ఎవడు కొంటాడు. ప్యూరిఫైయర్‌కి వేగం పనేలేదు, ట్యూబ్ నెలల తరబడి మెల్లగా చస్తుంది, సెన్సర్ గంట ఆలస్యంగా చెప్పినా పర్లేదు. అక్కడ కావాల్సింది ట్యూబ్ కన్నా ముందు సెన్సర్ చావకపోవడం, ఏడాదంతా తేమలో, యూవీలో నానుతూ మొదటి రోజు చెప్పిన అంకెనే చెప్పడం. అలా ఏడాది పెట్టి చూసిన పేపర్లు నాకు చాలా తక్కువ దొరికాయి, నెల దాటితే స్టేబుల్ అని రాసేస్తారు, ఎమ్మెస్సీ వాడికి ఉన్నదే ఒక సెమిస్టర్ కాబట్టి మేమూ అదే రాశాం.

ఆ మొదటి గాజు ముక్క ఇంకా నా దగ్గరే ఉంది, ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పాటు. మొన్న ముసురు పట్టిన రోజుల్లో తీసి మళ్ళీ కొలిచా. లైటు వేయకముందే, చీకట్లోనే 300 నానో ఆంపియర్లు. హాట్ ప్లేట్ మీద 120 డిగ్రీల్లో అరగంట ఉంచితే తేమ పోయి 70కి దిగింది. 40కి మాత్రం రాలేదు.